వేడి బిడ్డకి, చలవ అమ్మమ్మకి

మొన్న మధ్యాహ్నం షాపులో జనం పలచబడ్డ వేళ భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన వరసగా పెట్టిన గీజర్లని చూసుకుంటూ వెళ్ళి, చివర మూలన మనిషెత్తున నిలబడి ఉన్న తెల్లటి హీట్ పంపు దగ్గర ఆగాడు. ధర చూసి ముందు భార్య వైపు, తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏంటండీ, నీళ్ళు కాచుకోడానికి ఇంత పెట్టాలా? గిట్టుబాటవుతుందంటారా?"

ఈ ప్రశ్నకి ఒకప్పుడు నా దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది. తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఈ మాట వింటే నాకు మా పెద్దమ్మ కాళ్ళు గుర్తొస్తాయి. పీట మీద కూర్చుని బారజాపిన కాళ్ళు. మోకాళ్ళ దాకా ఎగదోపిన చీర. ఆ కాళ్ళ మీద బోర్లా పడుకుని, ఒళ్ళంతా నూనె కారుతూ, లోకంతో పనిలేనట్టు చూస్తున్న ఒక పసిబిడ్డ.

నేను రాజమండ్రిలో షాపు పెట్టి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మ వంతెన అవతల, కొవ్వూరులో ఉండేది. గట్టుకి దగ్గర్లో పెంకుటిల్లు, వెనక పొడుగాటి వసారా. ఆ వీధిలో ఎవరింట్లో పురుడొచ్చినా బిడ్డకీ బాలింతకీ నీళ్ళు పోసేది ఆవిడే. పొద్దున్నే తల్లులు, అమ్మమ్మలు బిడ్డల్ని ఎత్తుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చేవారు. డబ్బు ఇవ్వబోతే కసిరేది. ఎవరైనా జాకెట్టు గుడ్డ పెడితే మాత్రం తీసుకునేది. తీసుకుని, రంగు బాగోలేదనేది.

పెద్దవాళ్ళంటే ఆవిడకి మర్యాద లేదు. మనవలున్న నన్ను కూడా "ఒరేయ్, ఆ చెప్పులు దూరంగా విడువు" అనే పలకరించేది. మా అన్నయ్యని, అంటే ఆవిడ కొడుకుని, వచ్చిన చుట్టాల ముందే "వీడికి చెబితే అర్థం కాదు, కొడితే ఏడుస్తాడు" అనేది. కానీ పసిబిడ్డ కాళ్ళ మీదికి రాగానే గొంతు మారిపోయేది.

"కలెక్టరు గారూ, కాస్త తల ఇటు తిప్పండి. కళ్ళల్లో పడితే నన్ను తిట్టుకుంటారు. ఆఁ, అదీ. చెయ్యి వదలండి బాబూ, నా గాజులు మీకెందుకండీ."

ఆడపిల్లయితే డాక్టరమ్మ గారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, పెద్దవాళ్ళని ఒరే అంటూ పిల్లల్ని గారూ అంటావేంటని.

"మీ అందరికీ నా సంగతి తెలిసిపోయిందిరా. వాళ్ళకింకా తెలీదు. తెలిసేదాకా అయినా మర్యాద నిలబెట్టుకోనీ" అంది.

ఆ నీళ్ళు పోయడం చూడాల్సిందే. ముందు మోచెయ్యి ముంచి వేడి చూసేది. నూనె పెట్టి, నలుగుపిండితో రుద్ది, బిడ్డ నుదుటి మీద అరచెయ్యి చూరులా వంచి, చెంబుతో ధార కట్టేది. ఒక్క చుక్క కంట్లో పడేది కాదు. చివరి చెంబు బిడ్డ చుట్టూ తిప్పి పారబోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలో చుట్టి అందించేసరికి బిడ్డ నిద్రలో ఉండేది. "మధ్యాహ్నం దాకా లేపకండి" అని ఆర్డరు వేసేది. లేపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఇదంతా వసారా చివర పొయ్యి మీదున్న రాగి కాగు దయ. పెళ్ళిలో పుట్టింటి వాళ్ళిచ్చింది. కొబ్బరి డొక్కలు, మట్టలు పెట్టి మంట వేసేది. ఆ పొగే ఆవిడ రొమ్ములో దిగింది. దగ్గు మొదలై, ఒక వానాకాలం బాగా ముదిరింది. డాక్టరు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. అన్నయ్య ఇక బిడ్డల పని మానెయ్యమన్నాడు.

"మానేసి ఏం చెయ్యనురా? టీవీ చూడనా?" అంది. ఆ మాట అన్నయ్య నవ్వుతూ నాతో చెప్పాడు. ఆవిడ నవ్వుతూ అన్లేదని వదిన తర్వాత చెప్పింది. ఆ రోజు సాయంత్రం అన్నం ముట్టలేదట.

వారం తిరక్కుండా ఆవిడ బస్సెక్కి వంతెన దాటి నా షాపుకొచ్చింది. కూర్చోలేదు.

"ఒరేయ్, బిడ్డని చూడ్డానికి వెళ్తే ఆస్పత్రిలో ఒక డ్రమ్ము చూశాను. నిప్పు లేదు, పొగ లేదు. గాల్లో వేడి లాగి నీళ్ళకి పెడుతుందని నర్సమ్మ చెప్పింది. అది కావాలి నాకు."

"హీట్ పంపంటారు పెద్దమ్మా దాన్ని. అది చలి దేశాల వాళ్ళకి. మనకెందుకు?"

"గాల్లో వేడి లాగేదైతే, వేడున్న ఊళ్ళో కదరా బాగా పని చెయ్యాలి? మన ఊళ్ళో వేడికేం తక్కువ?"

నేను నవ్వేశాను. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదని నవ్వుతున్నప్పుడే నాకు తెలుసు. కానీ నా షాపులో అప్పుడు హీట్ పంపులు లేవు. గీజర్లున్నాయి. సంగతంతా అంతే. దాన్ని కప్పిపుచ్చుకోడానికి కాగితం తీసి లెక్క కట్టాను. ఇంట్లో ముగ్గురు మనుషులు, మనిషికి ఇన్ని నీళ్ళు, మిగిలే కరెంటు ఇంత. గీజరు కంటే ధర చాలా ఎక్కువ. ఆ తేడా "నీ జన్మలో తిరిగి రాదు పెద్దమ్మా" అన్నాను. ఆ వయసు మనిషితో అనకూడని మాట. ఆవిడ పట్టించుకోలేదు.

"బిడ్డల్ని వేశావా లెక్కలో?"

"బిడ్డకి ఎన్ని నీళ్ళు పోస్తావు, రెండు చెంబులు."

"మరి బాలింతకో? నడుం మీద ధార కట్టాలంటే కాగు కాగంతా అయిపోద్ది. మగాడివి, నీకేం తెలుసురా."

నాకు తెలీదు. అయినా తెలిసినట్టే మాట్లాడి, ఆవిడకి రెండు గీజర్లు అంటగట్టి పంపాను. సోలారు పెట్టడానికి పెంకుటింటికి డాబా లేదు కాబట్టి ఇదే దారి అని అన్నయ్యకీ నచ్చజెప్పాను.

ఆ గీజర్లు ఆవిడని నిలువునా ముంచాయి. ఒకటి సగం స్నానానికే ఖాళీ అయ్యేది. మళ్ళీ కాగేదాకా బాలింత తడి బట్టలతో ఎదురు చూడాలి. రెండూ ఒకేసారి వేస్తే ఆ పాత ఇంటి వైరింగు తట్టుకోలేక ఫ్యూజు పోయేది. ఒక పొద్దున నలుగు సగంలో ఉండగా చల్లనీళ్ళొచ్చాయి. బిడ్డ గుక్కపట్టింది. పెద్దమ్మ ఆ బిడ్డని పిండితోనే చీర కొంగులో చుట్టుకుని, వదినని పొయ్యి వెలిగించమని, తనే పక్కన కూర్చుని ఊది, దగ్గి దగ్గి మూర్ఛ పోయినంత పని చేసింది. అంత దగ్గులోనూ బిడ్డని కింద పెట్టలేదట.

ఆ తర్వాత ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. రాగి కాగు అమ్మేసింది. మిగతా డబ్బు అన్నయ్య చేత పెట్టించింది. నాకు ఫోన్ చేసి, "నీ షాపులో లేకపోతే ఉన్న చోట నుంచి తెప్పించు" అంది.

"కాగెందుకు అమ్మేశావు? రేపు అది పని చెయ్యకపోతే?"

"అలా ఆలోచించి వెనక్కి తగ్గుతానని భయమేసే అమ్మాను."

మిషను వచ్చింది. బిగించినవాడు దాన్ని వసారాలో పీటకి ఎదురుగా పెట్టాడు. కాసేపటికి అది సన్నగా రొద చేస్తూ చల్లటి గాలి ఊదడం మొదలెట్టింది. గాల్లోంచి వేడి తీసేసుకుంటే మిగిలేది చల్లగాలే. పెద్దమ్మ వెంటనే గొడవ పెట్టుకుని దాని మూతి పెరటి వైపు తిప్పించింది. "బిడ్డల మీదికి ఊదుతుందేంటి, బుద్ధి లేకపోతే సరి" అంది. మిషన్నే తిట్టిందో, బిగించినవాణ్ణో తెలీదు.

చూడ్డానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. వదిన కాఫీలిచ్చింది. నేను కాఫీ తాగుతూ, పదిమంది ఉన్నారు కదా అని, "ఇది నీళ్ళు కాచేదా, ఏసీయా? జాగ్రత్త పెద్దమ్మా, ఈ నీళ్ళు పోస్తే బిడ్డలకి చలవ చేస్తుందేమో" అన్నాను. అందరూ నవ్వారు. నాకు బాగుంది.

ఎదురింటావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడది పెద్దమ్మ వయసే. ఏది వేడి చేస్తుందో, ఏది చలవ చేస్తుందో వీధికంతటికీ చెప్పే మనిషి. బొప్పాయి వేడి, పెసరపప్పు చలవ, బాలింతకి సొరకాయ పనికిరాదు. అలాంటి మనిషికి నేను నా నోటితో ఒక మాట అందించాను. కాగే నీళ్ళయినా సరే, అంత చల్లగా ఊదే మిషన్లోంచి వచ్చినవి చలవ చెయ్యకుండా ఎలా ఉంటాయి? అది బాలింతకి పడుతుందా? బిడ్డకి రొంప పట్టదా? ఆవిడ మాట వీధి చివరిదాకా వెళ్ళింది.

కొద్ది రోజులకి వదిన ఫోన్ చేసింది. "ఓసారి రావయ్యా. అత్తయ్య దగ్గరికి ఎవరూ రావట్లేదు."

వెళ్ళేసరికి పెద్దమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఉంది. కాళ్ళు అలవాటుగా బారజాపే ఉన్నాయి. వాటి మీద ఎవరూ లేరు. పక్కన బకెట్టు నిండా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"బంగారంలా కాగాయిరా" అంది. "పొద్దున్నుంచీ ఒక్క దగ్గు లేదు. చూడు, ఇన్ని నీళ్ళు. రా, నీకైనా పోస్తాను."

చొక్కా విప్పి ఆవిడ ముందు కూర్చున్నాను. ఆ వయసులో సిగ్గుపడకుండా కూర్చోవడం నేను చేసిన కొద్ది మంచి పనుల్లో ఒకటి. ఆవిడ నా బట్టతల మీద అరచెయ్యి చూరులా పెట్టి ధార కట్టింది. నన్ను గారూ అన్లేదు. "మెడ వంచరా" అంది. నీళ్ళు నడుం మీద పడుతుంటే, ఆ నీళ్ళని ఈవిడ దగ్గర్నుంచి లాక్కున్నది నా నోరే కదా అని బాధేసింది. చెప్పాను కూడా. "తెలుసులే, వెధవా" అని ఇంకో చెంబు పోసింది.

తల తుడుచుకుని నేరుగా ఎదురింటికి వెళ్ళాను.

"ఆ రోజు సరదాకన్నానండి. దానికీ నీళ్ళకీ సంబంధం లేదండి. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా. వెనక చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటుంది. లోపలి వేడి తీసి బయట పారేస్తుంది. ఇదీ అంతేనండి, తిరగేసిన ఫ్రిజ్ అనుకోండి."

ఆవిడ శ్రద్ధగా విని, "మరి ఫ్రిజ్‌లో పెట్టినవి చలవే కదా అబ్బాయ్" అంది.

చెప్పులేసుకుని రాజమండ్రి బస్సెక్కాను.

వేసవి ముదిరింది. ఎదురింటావిడ కూతురు పురిటికొచ్చి ఆడపిల్లని కంది. ఎదురింటావిడకి మోకాళ్ళు వంగవు. కూతురికి భయం. ఇద్దరూ కలిసి ఆ బిడ్డకి నీళ్ళు పోస్తుంటే రోజూ వీధంతా వినపడేలా ఏడుపు. పెద్దమ్మ వసారాలోంచి అది వింటూ కూర్చునేది. "సబ్బు కంట్లో పడింది" అనేది. కాసేపాగి, "చెవిలో పోశారు" అనేది. "వెళ్ళి చెప్పకూడదా అత్తయ్యా" అని వదిన అంటే, "పిలవకుండా నేనెందుకు వెళ్తాను" అనేది. కానీ ఆ ఏడుపు ఆగేదాకా కాఫీ తాగేది కాదు.

అప్పుడే ఆవకాయల రోజులొచ్చాయి. నా వాటా జాడీ పుచ్చుకుందామని నేను వెళ్ళిన రోజు, పెద్దమ్మ వసారాలో ఉన్న చెక్కబల్లని తనే ఈడ్చుకెళ్ళి మిషను మూతికెదురుగా వేస్తోంది. సాయం చెయ్యబోతే వద్దంది. దాని మీద కొట్టిన మామిడికాయ ముక్కల గంప, పొడి గుడ్డలు పెట్టింది. తర్వాత వీధి గుమ్మంలో నిలబడి, ఎదురింటికి వినపడేలా పిలిచింది.

"వదినగారండీ, ముక్కలు తుడవాలి. మా కోడలు తుడిస్తే తడి ఉండిపోయి బూజు పడుతోంది. ఓసారి వచ్చి చూపిస్తారా?"

వదిన పెట్టిన ఆవకాయ ఏనాడూ బూజు పట్టలేదు. ఆవిడ నా వైపు చూసి నోరు మూసుకుంది.

ముక్కలు తుడవడం చూపించమంటే కాదనే మనిషి కాదు ఎదురింటావిడ. చెమటలు కక్కుతూ వచ్చి బల్ల మీద కూర్చుంది. నిప్పులు చెరిగే ఎండ. ఫ్యాను తిప్పినా వేడిగాలే తిరుగుతున్న పూట. మిషను ముందు మాత్రం తెల్లారుజామున గట్టు మీద తిరిగినంత చల్లగా ఉంది. ఆ గాలికి ముక్కల మీద తడి చూస్తుండగానే ఆరిపోతోంది. ఆవిడ రెండు ముక్కలు తుడిచి, మూడో ముక్క చేతిలో పట్టుకునే కళ్ళు మూసుకుంది. కొంగు దించి మెడ తుడుచుకుంది. రెండు అరచేతులూ గాలికి పట్టింది.

"హాయిగా ఉందమ్మా" అంది, ఎవరితోనో తెలియకుండా.

పెద్దమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని ఇంకో గుడ్డతో ముక్కలు తుడుస్తోంది. తలెత్తలేదు.

"ఈ చలవ ఎక్కడిదనుకున్నారు వదినగారూ?"

"ఎక్కడిది?"

"ఆ నీళ్ళదే. ఈ మిషను చేసే పనే అది. నీళ్ళల్లో ఉన్న చలవనంతా లాగి ఇటు ఊదేస్తుంది. మన రాగి కాగు వేడి చేసేది కానీ చలవని తీసేదా? నీళ్ళల్లోనే ఉండిపోయేది. ఇప్పుడు చలవంతా మీ మొహాన కొడుతోంది. ఇక ఆ నీళ్ళల్లో మిగిలిందేంటి? అచ్చంగా వేడి."

అది కాదు పెద్దమ్మా అని నా నోటిదాకా వచ్చింది. లాగేది నీళ్ళల్లోంచి కాదు, గాల్లోంచి. లాగేది చలవని కాదు, వేడిని. అంతా తలకిందులు. కానీ ఆ వసారాలో నేను ఒకసారి నోరు తెరిచి చూశాను. ఈసారి ఒక మామిడి ముక్క తీసుకుని తుడిచాను.

ఎదురింటావిడ మిషను వైపు ఓసారి చూసింది. గాలికి పట్టిన అరచేతుల వైపు చూసుకుంది. లేచి బకెట్టు దగ్గరికెళ్ళి వేలు ముంచి, చురుక్కుమనగానే తీసేసింది. ఇంకోసారి ముంచింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో వీధి దాటి వెళ్ళింది. పెద్దమ్మ గుడ్డ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళు బారజాపింది.

ఎదురింటావిడ తిరిగొచ్చేసరికి చేతుల్లో మనవరాలు ఉంది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహం, మెడ నిండా చెమటకాయలు.

"ఇదిగో" అంది.

పెద్దమ్మ బిడ్డని అందుకుని కాళ్ళ మీద వేసుకుంది. బకెట్లో చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి చూసింది.

"రండి డాక్టరమ్మ గారూ" అంది. "చాలా ఆలస్యం చేశారు. మిమ్మల్నేం అన్లేదు లెండి, తెచ్చేవాళ్ళు తేవాలి కదా."

ఎదురింటావిడ ఆ దెప్పు విన్నా అక్కడి నుంచి కదల్లేదు. పక్కనే నిలబడి చూస్తుంటే పెద్దమ్మ, "నువ్వెళ్ళి గాలికి కూర్చో. వేడి బిడ్డకి, చలవ అమ్మమ్మకి" అంది. వదినగారండీ అన్న మర్యాద పని అయ్యేదాకానే. ఎదురింటావిడ వెళ్ళి బల్ల మీద కూర్చుంది. సాంబ్రాణి పొగ పైకి లేచేసరికి బిడ్డ నిద్రపోయింది. బల్ల మీద అమ్మమ్మ కూడా కునుకు తీస్తోంది.

ఆ వేసవంతా నేను ఏదో వంకన కొవ్వూరు వెళ్తూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ ఆ బల్ల మీద అమ్మమ్మలూ నాయనమ్మలూ. మూతికి దగ్గర చోటు కోసం తగువులు. లోపల పెద్దమ్మా వదినా బాలింతలకి ధారలు కడుతూనే ఉండేవారు, డ్రమ్ములో నీళ్ళు తరిగేవి కావు. బిడ్డ లేనివాళ్ళు కూడా కూర వలుచుకునే నెపంతో వచ్చి కూర్చునేవారు. పెద్దమ్మకి గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. ఒక రోజు నన్ను చూసి, పదిమందిలో, "ఏరా, నా జన్మలో తిరిగి రాదన్నావు. మరి ఇది ఎవరి జన్మరా?" అని అడిగింది. బల్లంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ నాకు చోటివ్వమని వాళ్ళని జరిపింది.

కిందటి కార్తీకంలో పోయింది. పొద్దున్న బిడ్డలకి నీళ్ళు పోసి, పెరుగన్నం తిని, పడుకుని మళ్ళీ లేవలేదు. వసారాలో నీళ్ళు ఆగలేదు. ఇప్పుడు పీట మీద వదిన కూర్చుంటోంది. వదిన కూడా బిడ్డల్ని గారూ అంటోంది. మిగతావాళ్ళని ఒరే అనడం ఇంకా చేతకావట్లేదు. చలవని విడదీసే మిషను సంగతి కొత్తగా వచ్చేవాళ్ళకి వివరంగా చెప్పే పని ఎదురింటావిడ పుచ్చుకుంది.

షాపులో ఆ భార్యాభర్తలు నా జవాబు కోసం చూస్తున్నారు.

"మీరిద్దరే ఉండి, తలా ఒక బకెట్టయితే దండగండి. గీజరు చాలు. పొద్దున్నంతా వేడినీళ్ళు పారే ఇల్లయితే మాత్రం ఇదే తీసుకోండి" అన్నాను. ఇప్పుడు నా దగ్గర రెండూ ఉన్నాయి. అందుకని నిజం చెప్పడం తేలికయిందేమో కూడా.

ఆయన భార్య వైపు చూశాడు. "మా అమ్మాయి పురిటికొస్తోందండి" అంది ఆవిడ మెల్లగా.

"అయితే మీ ఇంట్లో ఒక బల్ల వేసుకునే చోటు ఉండాలండి" అన్నాను.

"బల్లెందుకండీ?" అన్నాడాయన.

మూలనున్న మిషను స్విచ్ వేసి, దాని మూతి ముందుకి కుర్చీ లాగి, ఆవిడని కూర్చోమన్నాను. ఎండలో పడి వచ్చిన మనిషి. కొంగుతో మొహం తుడుచుకుని మొహమాటంగా కూర్చుంది. కాసేపటికి రెండు అరచేతులూ గాలికి పట్టింది.

"ఎక్కడిదండీ ఈ చలవ?" అంది.

పెద్దమ్మ చెప్పిన జవాబే, ఒక్క ముక్క కూడా మార్చకుండా చెప్పాను.